ప్రేమకథ అనుకుని తెరిచాను, ఒడంబడికల కథ చేతికొచ్చింది

వెన్నెల పుట

నాలుగు రోజులుగా ఒక నవలతో కుస్తీ పడుతున్నాను. పేరు రాయను. చదవాలనుకునేవారికి కథ ముందే చెప్పేసినట్లవుతుంది, చదివినవారు ఎలాగూ రెండు వాక్యాల్లో పోల్చుకుంటారు.

అట్ట మీద కత్తి, కత్తికి అల్లుకున్న గులాబీ తీగ, వెనుక నల్లని కోట, కోట మీద నిండు చంద్రుడు. వెనుక అట్ట మీద నాలుగు ముక్కలు: ఆమె లేఖరి, అతడు శత్రురాజ్యపు దూత, ఇద్దరి మధ్య ఒక నది, ఒక మాంత్రిక శాసనం. ఇంతకంటే ఏం కావాలి? ఇలాంటి నవలలు ఏళ్ల తరబడి చదువుతున్నాను. పోట్లాటతో మొదలుపెట్టి ప్రేమలో పడేవాళ్లు, తప్పనిసరై ఒకే గదిలో రాత్రి గడపవలసి వచ్చేవాళ్లు, అబద్ధపు పెళ్లి చేసుకుని నిజంగా మనసిచ్చేవాళ్లు, అందరూ నాకు చుట్టాలే. ఏ మలుపు ఎక్కడ వస్తుందో తెలిసే చదువుతాను. తెలిసి ఉండటమే నాకు సుఖం.

ఈ పుస్తకం 540 పేజీలు. వాళ్లిద్దరూ మొదటిసారి ఎదురుపడేది 118వ పేజీలో! అంతవరకూ ఆ అమ్మాయి అమ్మమ్మ దగ్గర కూర్చుని కలం చెక్కడం, సిరా కాచడం, ఒడంబడిక పత్రాలు రాయడం నేర్చుకుంటూ ఉంటుంది. కలిశాక అయినా రాజుకుంటుందేమో అని ఓపిక పట్టాను. బల్లకు అటొకరు ఇటొకరు కూర్చుని, ఒక వాక్యంలో ‘అప్పగించు’ అని రాయాలా ‘వదులుకొను’ అని రాయాలా అని 11 పేజీలు వాదించుకున్నారు. ఇప్పుడు 270వ పేజీలో ఉన్నాను. ఇంతవరకు ఒకరి చేయి ఒకరు పట్టుకున్నది లేదు.

రచన బాగాలేదని అనను. నాకు కావలసినది ఇది కాదు. ఒంట్లో బాగాలేక పడుకున్న వారంలో మనసుకు హాయిగా ఉంటుందని తెచ్చుకున్న పుస్తకం. మోసపోయినట్టు ఉంది. ముందుకు వెళ్లమంటారా, మూసేయమంటారా?

తొలకరి

నేను కూడా ఇదే పుస్తకాన్ని 200వ పేజీ దగ్గర ఆపేశాను. లోపం నాలోనే ఉందేమో అనుకుని ఎవరికీ చెప్పలేదు.

సిరాచుక్క

ఆపకండి, వెన్నెల పుట గారూ. నేను ఈ నవలలోకి మీకు ఎదురు గుమ్మంలోంచి వచ్చాను. నాకు మాంత్రిక లోకాల కథలు ఇష్టం, వాటిలో ప్రేమ ఘట్టాలు వస్తే పేజీలు తిప్పేస్తాను. మా చెల్లెలు చేతిలో పెట్టి చదవమంటే కాదనలేక చదివాను.

ఇలాంటి కథలో నేను మొదట చూసేది మంత్రానికి వెల ఎంత, హద్దు ఎక్కడ అని. అనుకున్నదల్లా జరిగిపోయే మాయలో నాకు రుచి ఉండదు. ఇక్కడ ఉన్నది ఒక్కటే నియమం: ఒడంబడికలో రాసిన మాట నేలనూ మనుషులనూ కట్టేస్తుంది, కానీ సంతకం చేసేవారి మనసులో లేని మాట అయితే సిరా ఆరదు. ఎంతసేపు ఉంచినా తడిగానే ఉంటుంది. రచయిత్రి దీన్ని మొదటి 40 పేజీల్లో, అమ్మమ్మ నోట ఒకసారి చెప్పించి వదిలేశారు. ఆ తరువాత ఎక్కడా గుర్తుచేయరు. మనం గుర్తుంచుకుంటామని నమ్మారు. ఆ నమ్మకం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను.

కథ బయటపెట్టకుండా ఒక్క మాట. 131వ పేజీ మళ్లీ చదవండి, నెమ్మదిగా.

వెన్నెల పుట

చదివాను. అతడు సంతకం చేస్తాడు, ఆమె ఇసుక చల్లుతుంది, పత్రం మడుస్తుంది. అంతే కదా?

సిరాచుక్క

దేని కింద సంతకం చేశాడు?

నిశిరాత్రి

మధ్యలో వస్తున్నాను, మన్నించండి. నేను పుస్తకాలకు అట్టలు గీసే పనిలో ఉన్నాను. వెన్నెల పుట గారి కోపం న్యాయమైనది. దాన్ని ‘నెమ్మదిగా చదవండి’ అన్న సలహాతో చల్లార్చడం నాకు సమ్మతం కాదు.

ఈ పనిలో నా చేతికి రాతప్రతి మొత్తం రావడం చాలా అరుదు. అర పేజీ సారాంశం వస్తుంది. దానితో పాటు బాగా అమ్ముడవుతున్న నాలుగైదు పుస్తకాల అట్టలు వస్తాయి, వాటి పక్కన పెడితే ఒకే ఇంటి పిల్లలా కనిపించాలని. కాబట్టి ఆ కత్తి, ఆ తీగ, ఆ చంద్రుడు ఈ కథలోంచి పుట్టినవి కావు. పక్క పుస్తకాల నుంచి వచ్చినవి. నేనూ ఆ నవల చదివాను. 540 పేజీల్లో ఎక్కడా కత్తి లేదు. కలం చెక్కే చాకు ఉంది. ఆ చాకును అట్ట మీద వేసి ఉంటే ఈ పుస్తకం తనకు కావలసిన పాఠకులను తానే వెతుక్కునేది.

ఇక ఇలాంటి నవలలకు పెట్టిన ‘రొమాంటసీ’ అన్న పేరు, అంటే రొమాన్సూ ఫాంటసీ కలిపిన మాట. ఆ మాట ఎంతగా పాకిందంటే 2024లో కాలిన్స్ నిఘంటువు వారు ఆ ఏటి ముఖ్యమైన పదాల జాబితాలో దానికి చోటిచ్చారు. ఆ ఒక్క పేరు కింద రెండు వేర్వేరు రకాల పుస్తకాలు అమ్ముతున్నారు. ఒక రకంలో ప్రేమే కథ, మాయాలోకం దానికి ఇల్లు. ఇంకో రకంలో లోకమే కథ, ప్రేమ అందులో ఒక గది. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ప్రేమను తీసేసి చూడండి. కథ కూలిపోతే మొదటిది, నిలబడితే రెండోది. ఆ సంగతి కొనేవారికి అట్ట మీదే తెలియాలి. డబ్బూ ఆమెదే, జబ్బుపడి పడుకున్న వారమూ ఆమెదే.

సిరాచుక్క

మీరు చెప్పిన పరీక్షే పెడదాం. ఇందులో ప్రేమను తీసేస్తే సంధి కుదరదు, యుద్ధం ఆగదు, నవల 131వ పేజీలోనే ముగిసిపోతుంది. అంటే మీ లెక్క ప్రకారం ఇది మొదటి రకమే.

నిశిరాత్రి

ఒప్పుకుంటాను. 270 పేజీలు చదివిన మనిషికి ఆ సంగతి తెలియకపోవడం మాత్రం ఆమె తప్పు కాదు.

వెన్నెల పుట

‘దేని కింద సంతకం చేశాడు’ అన్న ప్రశ్న రాత్రంతా ముల్లులా గుచ్చుతూనే ఉంది. తెల్లవారగానే పుస్తకం తీశాను. మీ అందరికీ ఆ పేజీలో ఏముందో చెప్పాలి. *చదవనివారు ఇక్కడితో ఆగిపోండి.*

పత్రంలో ఏడో నిబంధన: ‘ఇందులో రాసినవి తప్ప నా వైపు నుంచి మరే కోరికా లేదు.’ అతడు దాని కింద సంతకం చేస్తాడు. కలం పక్కన పెడతాడు. కాగితం మీదకు వంగి ఊదుతాడు. కాసేపు ఆగి మళ్లీ ఊదుతాడు. కిటికీలోంచి ఎండ పడి మిగతా వరుసలన్నీ మసకబారి ఉంటే ఆ ఒక్క వరుస నిగనిగలాడుతూ ఉంటుంది. ఆమె చూస్తుంది. ఏమీ అనదు. ఇసుక డబ్బా మూత తీసి, చిటికెడు చల్లవలసిన చోట గుప్పెడు పోస్తుంది. పత్రం మడిచి, మైనం కరిగించి ముద్ర వేస్తుంది.

అతడి మనసులో చెప్పని కోరిక ఒకటి ఉందని ఆమెకు తెలిసిపోయింది. ఆమెకు తెలిసిందని అతడికీ తెలిసింది. తడి ఆరని పత్రం కంటపడితే నిండు సభలో చెప్పి తీరాలి, అది లేఖరి ధర్మం. చెప్తే దూత ప్రాణం దక్కదు. ఇదంతా అమ్మమ్మ ముందే చెప్పింది, నేను చదివాను కూడా! మనవరాలు చెప్పలేదు. ఎదురుపడిన 13 పేజీలకే ఆ అమ్మాయి తన జీవితంలో అన్నిటికంటే ఎక్కువగా గౌరవించినదాన్ని అతడి కోసం పక్కన పెట్టేసింది. నేనేమో వీళ్లు ఎప్పుడు చేతులు పట్టుకుంటారా అని ఎదురుచూస్తూ, ఇదేదో పని వర్ణన అనుకుని గబగబా తిప్పేశాను.

ఆ తరువాత ‘అప్పగించు’, ‘వదులుకొను’ వాదన కూడా మళ్లీ చదివాను. వాళ్లు మాట్లాడుతున్నది ఒక లోయ గురించి. ‘అప్పగించినదాని మీద మనసు ఉండకూడదు, వదులుకున్నదాని మీద ఉండవచ్చు’ అంటాడతడు. ఆమె ‘వదులుకొను’ అనే రాస్తుంది. నిన్న ఈ 11 పేజీలు విసుగు పుట్టించాయి. ఇవాళ ఊపిరి బిగబట్టి చదివాను.

నిశిరాత్రి గారూ, నా కోపం పోలేదు. అట్ట విషయంలో మీ మాటే నా మాట. కానీ పుస్తకం మీద కోపం అట్ట మీదకు మారింది.

తొలకరి

మీరు రాసింది చదివి నా ప్రతిని మళ్లీ బయటకు తీశాను. ఒక సందేహం. ఇసుక చల్లితే సిరా ఆరుతుందా? అది కూడా ఆ లోకపు మాయేనా?

పాత అలమర

మాయ కాదమ్మా, అచ్చంగా ఉన్న అలవాటే. అద్దుడు కాగితం వాడుకలోకి రాకముందు రాత మీద సన్నని ఇసుకో పొడో చల్లి తడి పీల్చనిచ్చేవారు. బల్ల మీద సిరాబుడ్డి పక్కన చిల్లులున్న చిన్న డబ్బా ఉండేది. రచయిత్రి లోకంలో ఉన్న వస్తువును తీసుకుని దానికి మనసు దాచే పని అప్పగించారు. నాకు అది గొప్పగా తోచింది.

ఇన్నాళ్లు పాఠాలు చెప్పినవాణ్ని, ఇంకొక్కటి చెప్పనివ్వండి. వెన్నెల పుట గారు ‘పని వర్ణన’ అనుకుని తిప్పేశానన్నారు కదా. పని దగ్గర పుట్టే ప్రేమ మన సాహిత్యానికి కొత్త కాదు. 16వ శతాబ్దంలో పింగళి సూరన రాసిన కళాపూర్ణోదయంలో సుగాత్రీ శాలీనుల కథ ఉంది. కొత్త పెళ్లికూతురు సుగాత్రిని నగలతో సింగారించి పడకగదికి పంపిస్తారు. శాలీనుడు కన్నెత్తి చూడడు. ఒక రాత్రి కాదు, ఎన్నో రాత్రులు. పెద్దవాళ్లు తలపట్టుకుంటారు. చివరికి ఒకనాడు ఆమె నగలన్నీ తీసిపెట్టి తోటలో అతడితో పాటు పనికి దిగుతుంది. అప్పుడు, ఆ శ్రమలో ఉన్న మనిషిని చూసి అతడి మనసు కదులుతుంది. శృంగారానికి కావలసినవన్నీ అమర్చిన గదిలో జరగనిది, ఎవరూ ఏమీ అమర్చని తోటలో జరిగింది.

సూరన కావ్యం కూడా అద్భుతాలతో నిండినదే. రూపాలు మారేవాళ్లు, శాపాలు, వరాలు, జన్మజన్మల ముడులు. అంతటి మాయల నడుమ ఆయన ప్రేమను నిలబెట్టిన చోటు చూడండి, మొక్కల మధ్య, చెమట పట్టిన నుదుటి మీద. మీ నవలలో బల్ల, కలం, ఇసుక నాకు ఆ తోటలాగే కనిపించాయి.

తొలకరి

మాస్టారూ, ఈ కథ నాకు ఇంతవరకు తెలియదు. ఈ నవల చదువుతూ నేనూ నగల పక్షంలోనే ఉండిపోయాను.

వెన్నెల పుట

పూర్తిచేశాను. తెల్లవారుజామున మూడు గంటలకు. ఏడ్చాను. మళ్లీ కోపం వచ్చింది, ఈసారి రచయిత్రి మీదే.

*ముగింపు రాస్తున్నాను, చదవనివారు దాటిపోండి.* సంధి కుదురుతుంది. యుద్ధం ఆగుతుంది. కానీ పెద్దలు పన్నెండో నిబంధన ఒకటి పెడతారు: పత్రం రాసినవారు, దాన్ని నడిపిన దూత, ఇద్దరూ బతికి ఉన్నంతకాలం నది దాటకూడదు. వాళ్లు ఒకచోట ఉంటే రాసినదాన్ని ఎప్పుడైనా తిరగరాయగలరని భయం. ఏడాదికి ఒక్కసారి వంతెన మధ్యలో నిలబడి పత్రాన్ని సరిచూసుకోవచ్చు. మధ్యలో తెల్ల గీత. ఆమె తన చేత్తోనే ఆ నిబంధన రాసి సంతకం చేస్తుంది. పుస్తకం అయిపోయింది!

500 పేజీలు వాళ్లతో కూర్చున్నాను. చివరికి నాకు మిగిలింది ఒక తెల్ల గీత. నేను పెళ్లి అడగలేదు, ఒక ఇల్లు అడగలేదు. ఒకే ఒడ్డున ఇద్దరినీ చూడాలనుకున్నాను.

తొలకరి

అమెరికాలో 1980లో ఏర్పడిన రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే రచయితల సంఘం ప్రేమ నవలకు రెండే లక్షణాలు చెప్పింది. కథకు నడుమ ప్రేమ ఉండాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చి ఆశ కలిగించాలి. పెళ్లి జరగాలని అందులో లేదు. అయినా ఈ ముగింపులో ఆశ ఎక్కడ ఉంది? నాకు కనిపించడం లేదు.

నిశిరాత్రి

లేదు కాబట్టే నేను మొదటి నుంచీ చెప్తున్నాను. ఈ నవలను ప్రేమ నవలల వరుసలో పెట్టడం ఆ వరుసను నమ్ముకున్న పాఠకులకు ద్రోహం. విషాదాంతం మీద నాకు అభ్యంతరం లేదు. ఆశ ఉంటుందన్న మాట ఇచ్చి చేయి చివర్లో వదలడం మీద ఉంది. ఒంట్లో బాగాలేని మనిషి తెల్లవారుజామున మూడు గంటలకు ఏడ్చింది, చూడండి.

పాత అలమర

ఇక్కడ మన అలంకార శాస్త్రం పనికొస్తుంది. శృంగారాన్ని మనవాళ్లు రెండుగా విడదీశారు, కలిసి ఉన్నప్పటి సంభోగ శృంగారం, విడిగా ఉన్నప్పటి విప్రలంభం. విడిపోయారు కాబట్టి అది శృంగారం కాదని ఎవరూ అనలేదు. 14వ శతాబ్దపు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో విప్రలంభాన్ని నాలుగు రకాలు చేశాడు: కలవకముందటి పూర్వరాగం, అలిగినప్పటి మానం, దూరమైనప్పటి ప్రవాసం, కరుణం. నది అటూ ఇటూ ఉండిపోయిన వీళ్లది ప్రవాసం.

ఆ నాలుగో రకం దగ్గర ఆయన గీసిన గీత చాలా సన్నది. ప్రియుడు పోయినా తిరిగి దొరుకుతాడన్న ఆశ ఉంటే అది కరుణ విప్రలంభం, ఇంకా శృంగారమే. ఆ ఆశ తెగిపోతే కరుణరసం, అంటే శోకం. కరుణ విప్రలంభానికి ఉదాహరణ 7వ శతాబ్దపు బాణుడి కాదంబరిలోని మహాశ్వేత. ఆమె చేరేసరికే ప్రియుడు పుండరీకుడు ప్రాణం విడిచి ఉంటాడు. మళ్లీ కలుస్తారని దివ్యపురుషుడు ఒక మాట చెప్తాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె సరస్సు ఒడ్డున తపస్సు చేస్తూ ఉండిపోతుంది.

కాబట్టి వీళ్లు కలిశారా లేదా అని నేను అడగను. చివరి పేజీలో ఆశ ఉందా, తెగిందా? నేను ఆ నవల చదవలేదు. చదివినవారే చెప్పాలి.

సిరాచుక్క

నా ఉద్దేశం తెగింది, మాస్టారూ. ఆ లోకంలో నియమం నియమమే. నిబంధన రాశారు, సంతకం పడింది, కట్టేసింది. నాకు ముగింపు నచ్చింది కూడా అందుకే, మంత్రానికి వెల కట్టించారు.

వెన్నెల పుట

సిరాచుక్క గారూ, మీరు నాకు 131వ పేజీ చూపించారు. ఇప్పుడు నేను మీకు 540వ పేజీ చూపిస్తాను.

మాస్టారు అడిగిన ప్రశ్న పట్టుకుని చివరి పేజీ మళ్లీ తీశాను. ఆమె సంతకం చేస్తుంది. సిరా ఆరిందో లేదో రచయిత్రి ఎక్కడా రాయలేదు. ఇసుక ప్రసక్తి లేదు. ఎందుకు లేదని వెనక్కి తిప్పాను. 498వ పేజీలో, ఆఖరిసారి విడిపోతున్నప్పుడు, ఆమె ఆ ఇసుక డబ్బాను అతడి చేతిలో పెడుతుంది. జ్ఞాపకంగా ఇచ్చింది అనుకున్నాను. అంటే చివరి సంతకం దగ్గర ఆమె వద్ద దాచడానికి ఇసుక లేదు.

ఇప్పుడు నవల ఆఖరి వాక్యం: ‘పత్రాన్ని రెండు అరచేతుల మీద పరుచుకుని, నిండు గిన్నె మోస్తున్నదానిలా వంతెన వైపు నడిచింది.’

పుస్తకం మొదటి నుంచి చివరి దాకా ఆమె ప్రతి పత్రాన్నీ మూడు మడతలు పెడుతుంది. అమ్మమ్మ నేర్పిన మడతలు, వేలి గోటితో అంచు నొక్కడం, అన్నీ రాశారు. ఈ ఒక్కదాన్ని మాత్రం మడవలేదు. ఆరిన కాగితాన్ని ఎవరూ అలా పట్టుకోరు. ఏళ్ల తరబడి ప్రేమ నవలల్లో చేతులు ఏం చేస్తున్నాయో చూడటమే నా అలవాటు. ఈ పుస్తకంలో ఆ అలవాటు పనికిరాదనుకుని 270 పేజీలు విసుక్కున్నాను.

పన్నెండో నిబంధన తడిగా ఉంది.

తొలకరి

ఒళ్లు జలదరించింది! కానీ అలాగైతే ఒడంబడిక మొత్తం చెల్లకుండా పోదా? యుద్ధం మళ్లీ మొదలవదా?

సిరాచుక్క

పోదు. 40వ పేజీకి అటూ ఇటూ అమ్మమ్మ చెప్తుంది, ‘ఏ నిబంధన ముడి దానిదే, ఒకటి జారితే మిగతావి జారవు’ అని. నియమాల కోసమే చదివేవాణ్ని నేను, ఆ మాట నాకు కంఠతా వచ్చు. దాన్ని తీసుకెళ్లి చివరి పేజీ పక్కన పెట్టడం మాత్రం తట్టలేదు. పదకొండు నిబంధనలు కట్టాయి. సంధి నిలుస్తుంది. వాళ్లిద్దరినీ ఆపేది ఏదీ లేదు. పైగా ఆమె ఆ తడి కాగితాన్ని సభకు తీసుకెళ్లలేదు, వంతెన మీదకు తీసుకెళ్తోంది. అవతలి వైపు నుంచి వచ్చేవాడి దగ్గర ఇసుక డబ్బా ఉంది. చల్లి దాచేది ఈసారి అతడన్నమాట.

మా చెల్లెలికి ఇప్పుడే ఫోను చేశాను. ‘నీకు ఇంతవరకు తెలియలేదా’ అంది.

పాత అలమర

అయితే మహాశ్వేత వరుసలోనే పెట్టవచ్చు. పుస్తకం తెప్పించుకుంటున్నాను. ముగింపు తెలిసిపోయిందని విచారించకండి, తెలిసిన కథ చదవడంలో సుఖముందని మొదటి టపాలోనే రాశారు కదమ్మా.

నిశిరాత్రి

రాత్రి నా ప్రతి తీసి 498, 540 రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. వెన్నెల పుట గారు చెప్పినట్టే ఉంది. ఆశ లేదన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అట్ట గురించి అన్న మాట తీసుకోను. ఊరకే ఉండలేక ఒక చిత్తు గీశాను: రెండు అరచేతులు, వాటి మీద మడవని కాగితం, దాని మీద ఒక్క వరుస మాత్రం మెరుస్తూ. కోట లేదు, చంద్రుడు లేడు. ఎవరూ అడగని బొమ్మ ఇది, అయినా రంగులు వేయడం మొదలుపెట్టాను.

వెన్నెల పుట

పూర్తయ్యాక ఇక్కడ పెట్టండి. నా ప్రతికి ఆ అట్టే వేసుకుంటాను.